రోడ్డు రొదకు అడ్డేది: చెట్లా, పొదకంచా, మట్టికట్టా, గోడా?

మెయిన్ రోడ్డును ఆనుకుని ఉన్న కాలనీలో రొద భరించలేక కమిటీ కూర్చుంటే మొదట వచ్చే మాట ఒకటే: "ఓ వరస చెట్లు నాటేద్దాం, సౌండ్ ఆగిపోతుంది." నాటుతారు. మూడేళ్లలో చెట్లు ఏపుగా ఎదుగుతాయి, నీడ వస్తుంది, దుమ్ము కొంత తగ్గుతుంది. రొద మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. తప్పు చెట్లది కాదు. శబ్దం దృష్టిలో ఒక వరస చెట్లంటే దాదాపు ఖాళీ స్థలమే. ఆకుల సందుల్లోంచి గాలి ఎలా వస్తుందో మోతా అలాగే వస్తుంది.

పచ్చదనం రొదను తగ్గించదని దీనర్థం కాదు. తగ్గిస్తుంది, కానీ మనం అనుకునే దారిలో కాదు. పార్కు ఇచ్చే మేలులో ఎక్కువ వాటా దూరానిది, మెత్తటి నేలది. ఆకుల వాటా చివరిది. ఈ సంగతి తెలిస్తే ఉన్న స్థలంలో, ఉన్న డబ్బుతో ఏది కట్టాలో, ఏది నాటాలో తేల్చుకోవడం సులువు. తేల్చేవి మూడు ప్రశ్నలు: రోడ్డుకీ మీకూ మధ్య ఖాళీ ఎంత? మీరుండేది ఏ అంతస్తు? మిమ్మల్ని బాధపెట్టేది హారన్లా, టైర్ల హోరా, లారీల గుడగుడా?

ముందు కొలవండి

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో మోత పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ (శబ్ద తీవ్రతకు కొలమానం) మించకూడదు. వాణిజ్య ప్రాంతానికి 65, 55. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలంలో 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో ఏడు నగరాల్లో మొదలుపెట్టిన శబ్ద పరిశీలన కేంద్రాల్లో హైదరాబాద్‌వీ ఉన్నాయి. నగరం మొత్తం మీద పరిస్థితి అవి చెబుతాయి. మీ గేటు దగ్గర ఎంతుందో తెలియాలంటే మీరే కొలుచుకోవాలి.

ఫోన్ యాప్ చాలు. దాని అంకె నిజానికి నాలుగైదు డెసిబెల్స్ అటూఇటూ ఉండొచ్చు. ఫిర్యాదుకు అది పనికిరాదు, పోలికకు పనికొస్తుంది. ఎప్పుడూ అదే ఫోన్ వాడండి. నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తులో, ఏ గోడకైనా మూడు మీటర్ల దూరంలో పట్టుకోండి. యాప్‌లో 'ఏ' వెయిటింగ్ (మనిషి చెవికి వినబడే తీరుకు తగ్గట్టు కొలిచే పద్ధతి) పెట్టి పదిహేను నిమిషాల సగటు, అంటే ఎల్ఈక్యూ అని చూపించేదాన్ని రాసుకోండి. గరిష్ఠం కోసం చూడకండి, ఒక్క హారన్‌కే అది 90 దాటుతుంది. పొద్దున రద్దీలో ఒకసారి, సాయంత్రం ఒకసారి, రాత్రి పదకొండు తర్వాత ఒకసారి కొలవాలి. గాలి బాగా వీచే రోజు, వాన పడి రోడ్డు తడిగా ఉన్నప్పుడు కొలిస్తే లెక్క చెడుతుంది. తడి రోడ్డు మీద టైర్ల మోత ఎక్కువ.

డెసిబెల్ లెక్క మామూలు కూడికల్లా నడవదు. వాహనాలు సగానికి తగ్గితే తగ్గేది 3 డెసిబెల్సే, చెవికి ఆ తేడా అంతంతమాత్రంగా తెలుస్తుంది. మోత సగమైనట్టు అనిపించాలంటే 10 తగ్గాలి. అందుకే "మా మొక్క 2 డెసిబెల్స్ తగ్గిస్తుంది" అని నర్సరీలో చెబితే అది అబద్ధం కాకపోయినా మీ సమస్యకు మందు కాదు.

అన్నిటికంటే చవకది దూరం

వరసగా వాహనాలు పోయే రోడ్డు నుంచి దూరం రెట్టింపయిన ప్రతిసారీ మోత 3 డెసిబెల్స్ తగ్గుతుంది. మధ్యలో సిమెంటు, తారు కాకుండా గడ్డి, గుల్ల మట్టి ఉంటే ఆ తగ్గుదల 4.5 దాకా వెళుతుంది. రోడ్డుకు 10 మీటర్ల దగ్గర 75 ఉందనుకుందాం. గట్టి నేల మీద 40 మీటర్ల దగ్గరకు వచ్చేసరికి 69, మెత్తటి నేల మీద 66. ఒక్క చెట్టూ లెక్కలోకి రాకుండానే ఇంత తేడా. పార్కు చేసే మొదటి మేలు ఇదే. అక్కడ ఇల్లు లేదు, తారు లేదు, వాహనం లేదు.

చాలా కాలనీ పార్కులు ఈ మేలును చేతులారా పోగొట్టుకుంటాయి. వాకింగ్ ట్రాక్ పేరుతో ఇటుకల పేవర్లు, మధ్యలో సిమెంటు గచ్చు, జిమ్ పరికరాల కింద మళ్లీ కాంక్రీటు వేసి సగం నేలను గట్టిపరుస్తారు. మిగిలిన సగంలో రాలిన ఆకును ఊడ్చి తగలబెడతారు. ఆ ఆకుపొరే, దాని కింద వేళ్లు గుల్ల చేసిన మట్టే శబ్దాన్ని మింగేవి. ముఖ్యంగా ఇంజన్ల గుడగుడకు కాస్త పైన ఉండే 200 నుంచి 500 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలని చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ కీచుగా వినబడుతుంది) మోతను ఆకులు పట్టలేవు, ఈ నేల పట్టగలదు. ట్రాక్ కావాలంటే రోడ్డుకు దూరంగా ఉన్న అంచున మట్టితో వేయండి. రోడ్డు వైపు పది మీటర్లలో ఆకును అలాగే వదిలేయండి. తోటమాలికి పని తగ్గుతుంది, మీకు పైసా ఖర్చుండదు.

ఈ నేల లాభం నేల మీద, లేదా నేలకు దగ్గరగా ఉన్నవారికే. నాలుగో అంతస్తు కిటికీకి వచ్చే మోత నేలను తాకకుండా నేరుగా వస్తుంది.

చెట్ల పట్టీ: స్థలం ఉన్నవారికి

బయట శబ్దం ఎంత దూరం ఎలా తగ్గుతుందో లెక్కగట్టేందుకు ఇంజనీర్లు వాడే ఐఎస్ఓ 9613-2 ప్రమాణంలో ఆకుల గుబురుకు ప్రత్యేకంగా అంకెలున్నాయి. అవతలివైపు కనబడనంత దట్టమైన గుబురులో మోత 10 నుంచి 20 మీటర్లు ప్రయాణిస్తే, టైర్ల హోరు ఉండే 1000 హెర్ట్జ్ దగ్గర తగ్గేది 1 డెసిబెల్. 125 హెర్ట్జ్ దగ్గర, అంటే సిగ్నల్ దగ్గర ఆగిన బస్సు గుడగుడ దగ్గర, సున్నా. దారి 20 మీటర్లు దాటితే 1000 హెర్ట్జ్‌లో మొత్తం దారికీ మీటరుకు 0.06 చొప్పున లెక్క. 50 మీటర్లకు 3 డెసిబెల్స్. అదే 50 మీటర్లకు 4000 హెర్ట్జ్‌లో నాలుగున్నర, 125లో ఒకటిన్నర. అమెరికా ఫెడరల్ హైవే శాఖ చెప్పే లెక్క ఇంకాస్త ఉదారంగా ఉంటుంది: 60 మీటర్ల వెడల్పున, కింది నుంచి పైదాకా చూపు దూరనంత దట్టంగా ఉంటే 10 డెసిబెల్స్ దాకా. ఏ లెక్క తీసుకున్నా అర్థమయ్యేది ఒకటే. కాలనీలో ఉండే మూడు నాలుగు మీటర్ల పట్టీలో చెట్లను రొద కోసం నాటడం దండగ. నీడ కోసం నాటండి, పక్షుల కోసం నాటండి. రొద పద్దు కింద మాత్రం రాయకండి.

30 మీటర్లో ఆపైనో స్థలం నిజంగా ఉంటే, అంటే విశ్వవిద్యాలయ ప్రాంగణమో, పెద్ద లేఅవుట్ బఫరో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కనో అయితే, చెట్ల పట్టీ మంచి ఎంపికే. అక్కడ పనిచేసేది నాటే తీరు. రోడ్డు అంచున పొదలు, వాటి వెనక మధ్యరకం చెట్లు, ఆ వెనక పొడుగు చెట్లు ఉండాలి. చెట్టుకూ చెట్టుకూ రెండున్నర మీటర్లు, వరసలు ఒకదానికొకటి ఎడంగా జిగ్‌జాగ్‌లో. 50 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పుకు ఈ లెక్కన 120 చెట్లు పడతాయి. బొడ్డెలు, అంటే చెట్ల కాండాలు, దగ్గరగా ఉండటం ముఖ్యం, ఎందుకంటే మోతను చెదరగొట్టేవాటిలో ఆకులతోపాటు బొడ్డెలూ ఉన్నాయి. పార్కుల్లో అలవాటుగా వేసే ఐదారు మీటర్ల ఎడంలో నడవడానికి బాగుంటుంది, శబ్దానికి దారి తెరిచి ఉంటుంది.

ఏ చెట్టు? ఏడాది పొడవునా ఆకు ఉండేది, కింది కొమ్మలు నిలిచేది కావాలి. పొగడ చక్కగా గుబురు కడుతుంది, కానీ నిదానంగా ఎదుగుతుంది. కానుగ మన ఎండకు, నీటి ఎద్దడికి తట్టుకుంటుంది. వసంతంలో కొన్నాళ్లు ఆకు రాల్చినా త్వరగానే చిగురిస్తుంది. వేపదీ అదే తీరు. నేరేడు మంచి గుబురే, పండ్ల కాలంలో కింద కార్లు పెట్టేవాళ్లు మిమ్మల్ని తిడతారు, అంతే. తురాయి పూస్తే కన్నుల పండుగ, కానీ ఎండాకాలం మొదట్లో మోడుగా నిలుస్తుంది, గాలికి కొమ్మలు విరుగుతాయి. మర్రి, రావి గోడకు పది మీటర్ల లోపల వద్దు. ఏడాకుల పొన్న నగరాల్లో విపరీతంగా నాటారు. చలికాలం ముందు దాని పూల ఘాటు ఉబ్బసం ఉన్నవారికి పడదు, పడకగది కిటికీ పక్కన వద్దు. నరమామిడిని అందరూ నాటుతారు. కింది దాకా ఆకు ఉంటుంది, కాబట్టి రోడ్డు కనబడకుండా చేయడానికి సన్నటి స్థలంలో పనికొస్తుంది. మోతకు అది అడ్డమనుకోవద్దు.

కోనోకార్పస్ మాత్రం వద్దు. త్వరగా పెరిగి పచ్చటి గోడలా నిలబడుతుందని తెలంగాణలో హరితహారం రోజుల్లో విరివిగా నాటి, తర్వాత నాటొద్దని ప్రభుత్వమే చెప్పింది. గుజరాత్ 2023లో నిషేధించింది. దాని వేళ్లు నీటి పైపుల్లోకి, డ్రైనేజీలోకి దూరుతాయి. ఇప్పటికే ఉన్నాయా? ఒక్కసారిగా నరికేయకండి. పక్కన పొగడో కానుగో నాటి అవి ఎదిగాక, అనుమతి తీసుకుని వంతులవారీగా తీయండి. చెట్టు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి అవసరం.

పట్టీ ఎదిగాక అందరూ చేసే పొరపాటు ఇంకొకటుంది. "శుభ్రంగా కనబడాలి" అని తల ఎత్తు దాకా కింది కొమ్మలన్నీ కొట్టించేస్తారు. కారు టైరు, ఇంజన్ మోత పుట్టేది నేలకు అర మీటరు ఎత్తులో. మీరు తెరిచిన సందు సరిగ్గా అక్కడే ఉంటుంది. కరెంటు తీగల కింద పైకొమ్మలు కొట్టక తప్పదు. కింది కొమ్మల జోలికి పోకండి.

పొదకంచె

మీటరు నుంచి రెండు మీటర్ల మందం, మనిషెత్తు ఉన్న దట్టమైన పొదకంచె ఇచ్చేది 1 నుంచి 3 డెసిబెల్స్. అంటే స్థలంతో పోలిస్తే చెట్ల వరసకంటే నయం. గోడతో పోలిస్తే ఏమీ కాదు. దీని అసలు ఉపయోగం రోడ్డును కంటికి కనబడనీయకపోవడం. రోడ్డు బదులు పచ్చదనం కనబడితే అదే రొద తక్కువ చికాకు పెడుతుందని అధ్యయనాలు చాలానే తేల్చాయి. సాయంత్రం కూర్చునే వరండాకు, పార్కు బెంచీకి ఆ లాభాన్ని ధైర్యంగా లెక్కలో వేసుకోవచ్చు. పడకగదికి వేసుకోవద్దు. కళ్లు మూసుకున్నవాడికి పచ్చదనం కనబడదు, నిద్రను చెడగొట్టేది మోతే.

నాటేటప్పుడు రెండు వరసలు, మొక్కకూ మొక్కకూ 45 నుంచి 60 సెంటీమీటర్లు, జిగ్‌జాగ్‌లో. గోరింట, దురంత, నూరు వరహాలు, నందివర్ధనం అన్నీ పనికొస్తాయి. మేకలు తిరిగే చోట గన్నేరు నిలుస్తుంది, వాటికి తెలుసు అది విషమని. పిల్లలకు తెలియదు కాబట్టి ఆటస్థలం పక్కన అది వద్దు. కత్తిరించేటప్పుడు కంచె పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండాలి. తలకిందులుగా చేస్తే కింది ఆకులకు ఎండ తగలదు, రెండేళ్లలో మోకాలి ఎత్తు వరకు పుల్లలే మిగులుతాయి.

మట్టికట్ట: పది మీటర్లుంటే ఇదే

స్థలం 9 నుంచి 12 మీటర్లు ఉండి, నేల మీద ఉండేవారిని కాపాడాలనుకుంటే మట్టికట్టను మించింది లేదు. అమెరికా హైవే శాఖ లెక్కలో అదే ఎత్తు గోడకంటే కట్ట సుమారు 3 డెసిబెల్స్ ఎక్కువ ఆపుతుంది. గోడ మోతను వెనక్కి కొడుతుంది, కట్ట చాలావరకు మింగుతుంది. దానిపైన ఎంత పచ్చదనమైనా నిలుస్తుంది. పిల్లలు ఎక్కి దిగడానికీ బాగుంటుంది.

కానీ మట్టి లెక్క చాలామందికి కళ్లు తిరిగేలా చేస్తుంది. రెండున్నర మీటర్ల ఎత్తు, పైన ఒక మీటరు వెడల్పు, రెండు వైపులా ఒకటికి రెండు వాలు (మీటరు ఎత్తుకు రెండు మీటర్ల అడ్డం) అనుకుంటే అడుగున 11 మీటర్లు కావాలి. మీటరు పొడవుకు 15 ఘనపు మీటర్ల మట్టి. 50 మీటర్ల కట్టకు 750. టిప్పరుకు పది చొప్పున 75 ట్రిప్పులు. దగ్గరలో సెల్లార్ తవ్వకం జరుగుతుంటే ఈ మట్టి దాదాపు రవాణా ఖర్చుకే వస్తుంది, లేకపోతే గోడే చవక. వచ్చిన మట్టిలో కూల్చిన కట్టడాల శిథిలాలు కలిసి ఉంటే కట్ట లోపలి భాగానికి వాడుకోండి, పై అర మీటరు మాత్రం మంచి ఎర్రమట్టి ఉండాలి. నల్లరేగడితో మొత్తం కట్ట వేస్తే వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి రెండో ఏడాదికే జారుతుంది. 30 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, రోలరుతో తొక్కించాలి. ఒక్కసారిగా పోసి వదిలేస్తే మొదటి వానాకాలంలోనే ఎత్తు కుంగుతుంది, మీరు లెక్కగట్టిన అడ్డు పోతుంది. ఇంటి వైపు పాదం దగ్గర చిన్న కాలువ తీయడం మరవొద్దు, లేకపోతే కట్ట మీది వాన నీరంతా గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల గుమ్మంలోకే.

వాలును ఒకటికి ఒకటిన్నర చేస్తే అడుగు 8.5 మీటర్లకు తగ్గుతుంది. అంత నిటారు వాలుకు మొదటి ఏడాది కొబ్బరిపీచు చాప పరిచి వట్టివేరు నాటాలి. మామూలు పచ్చిక నిలవదు.

గోడ: ఇరుకు స్థలానికి

గోడ శబ్దాన్ని ఆపేది రెండు గుణాలతో: బరువు, సందు లేకపోవడం. చదరపు మీటరుకు 20 కిలోల బరువుంటే చాలు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి శబ్దం కోసం తొమ్మిది అంగుళాలు అక్కర్లేదు, నిలబడటానికి కావాలంటే వేసుకోండి. 50 మీటర్ల పొడవు, ఏడడుగుల ఎత్తు, తొమ్మిది అంగుళాల గోడకు ఇటుకలు సుమారు 12 వేలు. మిల్లీమీటరు మందం ఇనుప రేకు చదరపు మీటరుకు 8 కిలోలే, అది తక్కువ. ప్రీకాస్ట్ (ముందే పోతపోసి తెచ్చే కాంక్రీటు) పలకల గోడకు బరువు సరిపోతుంది, పలకల మధ్య సందులే దాని జబ్బు. సందుల్లో సిమెంటు నింపించండి, అడుగు పలక కింద వెలుగు కనబడితే అక్కడా మూయించండి. గోడలో పదో వంతు తెరిచి ఉంటే అది ఎంత గొప్ప గోడైనా 10 డెసిబెల్స్ మించి ఇవ్వదు. గ్రిల్ గేటు ఉన్నచోట ఈ లెక్క గుర్తుంచుకోండి. గేటుకు మందపాటి రేకు వేయించి, వీలైతే దాన్ని పక్కరోడ్డు వైపుకు మార్చండి.

ఎత్తు విషయంలో ఒక్క లెక్క వేసుకుంటే వాదనలన్నీ తేలిపోతాయి. రోడ్డు మధ్య నుంచి గోడ 8 మీటర్లు, గోడ నుంచి మీ కిటికీ 4 మీటర్లు అనుకుందాం. కారు మోత అర మీటరు ఎత్తులో పుడుతుంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో కూర్చున్నవారి చెవి ఒకటిన్నర మీటర్లలో ఉంటుంది. ఆ రెంటినీ కలిపే గీత గోడ దగ్గర 1.2 మీటర్ల ఎత్తులో పోతుంది. ఏడడుగుల గోడ, అంటే 2.1 మీటర్లు, ఆ గీతకు తొంభై సెంటీమీటర్లు పైన ఉంది. కాబట్టి 6 నుంచి 8 డెసిబెల్స్ ఆశించవచ్చు. ఇప్పుడు మొదటి అంతస్తు చూడండి. చెవి నాలుగున్నర మీటర్లలో. గీత గోడ దగ్గర 3.2 మీటర్ల ఎత్తులో పోతుంది. గోడ దానికి అందనే అందదు. లాభం సున్నా. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో అందరి దగ్గరా వసూలు చేసి గోడ పెంచితే, ప్రయోజనం పొందేది గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు, పార్కులో కూర్చునేవాళ్లు మాత్రమే. కమిటీలో గొడవ రాకుండా ఈ మాట ముందే చెప్పడం మంచిది.

చూపుకు అడ్డు తగలగానే మొదటి 5 డెసిబెల్స్ వస్తాయి, ఆ తర్వాత అదనపు మీటరుకు ఒకటిన్నర మాత్రమే. అంటే చూపు అందేలా ఆరడుగుల దగ్గర ఆగిన గోడ కంటే, చూపును కాస్త దాటిన గోడ మేలు. ఇంకా ఇంకా పెంచుకుంటూ పోవడం డబ్బు దండగ. పరీక్ష సులువు: మీరు కూర్చునే చోట కూర్చోండి. వాహనాల టైర్లు, బానెట్ కనబడుతున్నాయా? కనబడితే గోడ లేనట్టే. గోడ రోడ్డుకు దగ్గరగానో, ఇంటికి దగ్గరగానో ఉండాలి. సరిగ్గా మధ్యలో ఉంటే పనితనం అన్నిటికంటే తక్కువ. పొడవు కూడా చాలా మంది మరిచిపోతారు. గోడ నుంచి మీ దూరం 4 మీటర్లయితే మీకు అటు 16, ఇటు 16 మీటర్లు గోడ సాగాలి. మీ ప్లాటు అంత పొడవు లేకపోతే పక్కగోడలను లోపలికి మడిచి కట్టడమే దారి. కట్టేముందు మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో ఎత్తు పరిమితి కనుక్కోండి. మూల ప్లాట్లకు మలుపులో వాహనాలు కనబడాలన్న షరతు ఉంటుంది.

గోడ మీద పచ్చదనం గురించి రెండు ముక్కలు. రాధామనోహరం, కాగితం పూలు పాకిస్తే గోడ ఎండకు కాలదు, పోస్టర్లు అంటించరు, చూడ్డానికి బాగుంటుంది. మోతలో తేడా నామమాత్రం. మట్టి నింపిన అరల్లో మొక్కలు పెట్టే గ్రీన్ వాల్ మాత్రం నిజంగానే మోతను కొంత మింగుతుంది, ఆ పని చేసేది అరల్లోని గుల్ల మట్టి. రోడ్డుకు రెండు వైపులా గోడలుండి మోత అటూ ఇటూ కొట్టుకుంటున్న ఇరుకు వీధిలో అది పనికొస్తుంది. నీళ్లు ఆగితే రెండు వారాల్లో ఎండిపోతుంది, డ్రిప్ లేకుండా పెట్టొద్దు. ఈమధ్య గోడలకు అంటిస్తున్న ప్లాస్టిక్ గడ్డి శబ్దానికి రంగు వేసినంత మేలు కూడా చేయదు.

పై అంతస్తులవారికి

మొదటి అంతస్తు నుంచే పచ్చదనంతోనో గోడతోనో చేయగలిగింది తక్కువ. అక్కడ ఖర్చు కిటికీ మీద పెట్టాలి. తెరిచిన కిటికీ 10 నుంచి 15 డెసిబెల్స్ ఆపుతుంది. మూసినది ఎంత ఆపుతుందనేది అద్దం కంటే ముందు సందుల మీద ఆధారపడుతుంది. జరిపే స్లైడింగ్ కిటికీ బ్రష్ సందుల్లోంచి మోత కారుతుంది, తలుపులా తెరుచుకుని రబ్బరు గాస్కెట్‌తో బిగిసే కేస్‌మెంట్ కిటికీ మేలు. ఉన్నది మార్చలేకపోతే లోపలివైపు ఒక జానెడు ఎడంగా రెండో కిటికీ బిగించండి, ఇరుకు ఎడం ఉన్న డబుల్ గ్లేజింగ్ (ఒకే చట్రంలో రెండు అద్దాలు) కంటే అదే బాగా పనిచేస్తుంది. పడకగదిని రోడ్డుకు అవతలివైపు మార్చుకోగలిగితే ఇవేవీ అక్కర్లేదు.

ఫ్లాటు కొనేవారికి, పార్కు స్థలం ఎంచుకునేవారికి

'పార్కు ఫేసింగ్' అని బ్రోచర్‌లో ఉంటే పార్కు ఎటువైపో అడగండి. రోడ్డుకూ భవనానికీ మధ్య పార్కు ఉంటే మీకు దొరికేది దూరం. భవనం రోడ్డు మీదే ఉండి పార్కు వెనక ఉంటే, వెనక ఫ్లాట్లకు భవనమే అడ్డుగోడ. సందులు లేకుండా వరసగా భవనాలుంటే 10 డెసిబెల్స్ పైనే తగ్గుతుంది. రాత్రి నిద్ర ముఖ్యమైనవారు వెనకవైపు ఫ్లాటునే ఎంచుకోవాలి. లేఅవుట్ వేసేవారూ ఇది ఆలోచించాలి. ఎవరూ కొనని మెయిన్ రోడ్డు మూలను పార్కుకు వదిలి, లోపలి స్థలాన్ని ప్లాట్లుగా అమ్మడం మన దగ్గర మామూలే. అదే వెడల్పును దుకాణాల వరసకిచ్చి, పార్కును దాని వెనక పెడితే అందరికీ లాభం.

నడకకు పార్కు ఎంచుకునేవారికి హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు మంచి ఉదాహరణ. సుమారు 390 ఎకరాలు, చుట్టూ జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ రద్దీ రోడ్లు. బయటి ఫుట్‌పాత్ మీద నడిస్తే మీకూ వాహనాలకూ మధ్య అడ్డేమీ ఉండదు, పక్కన ఉన్న అడవి ఏమీ చేయలేదు. రోడ్డు నుంచి 160 మీటర్లు లోపలికి వెళితే దూరం, నేల కలిసే 12 నుంచి 18 డెసిబెల్స్ తగ్గుతాయి, దట్టంగా ఉన్నచోట చెట్లు దానికి ఇంకొంత కలుపుతాయి. చిన్న కాలనీ పార్కులో అంత లోతు ఉండదు కాబట్టి బెంచీలను రోడ్డుకు దూరపు మూలన, వీలైతే నేలను రెండడుగులు తవ్వి దించి పెట్టండి. తవ్విన మట్టి రోడ్డు వైపు కట్టకు పనికొస్తుంది. ఫౌంటెన్ పెట్టాలనుకుంటే, నీటి చప్పుడు రొదకు సమానంగానో, మహా అయితే 3 డెసిబెల్స్ తక్కువగానో ఉంటేనే దాన్ని కప్పుతుంది. 60 దాటిన చోట ఫౌంటెన్ కూడా ఇంకో రొదే.

వెడల్పును బట్టి తేల్చుకోవడం

మీటరు లోపు స్థలమైతే సందుల్లేని గోడ, దాని మీద తీగ. రెండు మూడు మీటర్లుంటే రోడ్డు అంచున గోడ, ఇంటి వైపు పొదకంచె. కంచెను గోడకు బయట పెడితే దుమ్ముకు చస్తుంది, నీళ్లు పోసేవారుండరు. తొమ్మిది మీటర్లు దాటితే కట్ట. ఎత్తు చాలకపోతే కట్ట నెత్తిన మీటరు గోడ. ముప్పై దాటితే కట్ట వెనక చెట్ల పట్టీ. గోడ నెత్తి మీదికి కొమ్మలు వాలేలా చెట్లు నాటకండి, గోడ దాటి పైకి పోవాల్సిన హారన్ మోతను ఆ కొమ్మలు కొంత కిందికి చెదరగొడతాయి. రెండు మీటర్లు ఎడంగా ఉంటే చాలు.

ఈ అడ్డులన్నీ హారన్ల మీద బాగా, లారీల గుడగుడ మీద తక్కువగా పనిచేస్తాయి. రాత్రిళ్లు బరువు వాహనాలే మీ బాధయితే గోడకంటే వేగనిరోధకాన్ని మీ గేటు ముందు నుంచి వంద మీటర్లు జరిపించడం ఎక్కువ ఫలితమిస్తుంది, ఎందుకంటే బ్రేకు వేసి మళ్లీ గేరు మార్చి లాగే మోత అక్కడే పుడుతోంది. మల్టీటోన్ (స్వరాలు మారుస్తూ మోగే) హారన్లు మోటారు వాహనాల నియమాల ప్రకారం నిషిద్ధం. ట్రాఫిక్ పోలీసులకు ఫిర్యాదు చేసేటప్పుడు ఏ గంటల్లో, ఏ రకం వాహనాలో రాసి ఇస్తే తనిఖీ ఎప్పుడు పెట్టాలో వాళ్లకు తెలుస్తుంది.

పనుల వరస కూడా ముఖ్యమే. గోడ, కట్ట మే నెలలోపు పూర్తి చేసి, మొక్కలు జూన్, జూలై వానలకు నాటండి. మొక్కలు ముందు నాటి తర్వాత గోడ కడితే సగం మొక్కలు తాపీ పనివారి కాళ్ల కింద పోతాయి. గోడ పూర్తయిన వారంలోనే, పాత చోటే, అదే ఫోన్‌తో, అవే మూడు వేళల్లో మళ్లీ కొలవండి. 5 డెసిబెల్స్ కూడా తగ్గలేదంటే ఎక్కడో సందుంది. రాత్రి గోడకు ఇవతల నిలబడి, అవతలి నుంచి ఒకరిని టార్చి వేయమనండి. వెలుగు వచ్చిన చోటల్లా సిమెంటు పెట్టించాలి.